నారదుడి చిట్టా

చెన్నై సెంట్రల్‌లో బయల్దేరిన లోకల్ రైలు బేసిన్ బ్రిడ్జి దాటాక ఆగే స్టేషన్ వ్యాసర్పాడి జీవా. ఆ పేరులో సగం పురాణ ఋషిది, సగం కమ్యూనిస్టు నాయకుడు పి. జీవానందానిది. ఈ కలగాపులగం ఆ పేటకి బాగానే నప్పింది. ఒక వైపు రైల్వే యార్డులు, ఇంకో వైపు కాలువలు. పొరుగునే పెరంబూరు. అక్కడి బకింగ్‌హాం, కర్ణాటిక్ మిల్లుల కార్మికులే 1918లో మద్రాస్ లేబర్ యూనియన్‌కి ప్రాణం పోశారు. మిల్లులు మూతపడి చాలా కాలమైంది. వ్యాసర్పాడి పేరు ఇప్పుడు వినిపించేది ఎక్కువగా ఫుట్‌బాల్ ఆడే పిల్లల వల్ల, గానా పాటల వల్ల. రైల్వే పనికీ, రేవు పనికీ, కార్పొరేషన్ పనికీ తరాల కిందట వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఉత్తర చెన్నై అంతటా ఉన్నాయి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కాలేజీలో ఇంగ్లీషు.

ఇక్కడి రవీశ్వరుడి గుడిలో సూర్యుడు శివుణ్ణి అర్చించాడని స్థలపురాణం. వేదాలను విభజించిన వ్యాసుడు ఈ చోట కొంతకాలం ఉన్నాడనీ, ఊరికి ఆ పేరు అందుకే వచ్చిందనీ చెబుతారు. అదే పేటలో డాక్టర్ అంబేడ్కర్ ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ ఉంది. వ్యాసుడూ అంబేడ్కరూ ఒకే పిన్‌కోడ్‌లో! ఇద్దరికీ పొత్తు కుదరదని ఎవరైనా అంటారు. చాలా విషయాల్లో నిజమే. అయితే ఒక పాత ప్రశ్న దగ్గర ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టక తప్పదు.

ఆ ప్రశ్న ఇది. ఇలాంటి పేటలో పీజీ చదివే అమ్మాయి ఒకతె ఉందనుకుందాం. ఆదివారం పులికాట్ సరస్సుకి వెళ్లి రాజహంసల్ని లెక్కపెడుతుంది. ఇంకో రోజు ఎగ్మూరు మ్యూజియంలో కంచు విగ్రహాల ముందు గంటలు గడుపుతుంది. నోట్‌బుక్కు నిండా ఆకులు, చేతుల ముద్రలు, శాసనాల అక్షరాలు. ఇంట్లోవాళ్లు “ఒక్కదాని మీద నిలబడవే తల్లీ” అంటారు. వాళ్ల భయం ఉద్యోగం గురించి. ఆ మాటకి దన్నుగా మతం కూడా వచ్చి నిలబడుతుంది: మనసు పరిపరి విధాల పోకూడదు, ఏకాగ్రతే సాధన, చదువులన్నీ చదివినా ఆత్మజ్ఞానం లేకపోతే వృథా. హరికథల నుంచి టీవీ ప్రవచనాల దాకా తెలుగువాళ్లు ఈ మాట వినని వారం ఉండదు. ప్రకృతి మీద, కళల మీద, వస్తువుల మీద ఇన్నేసి ఆసక్తులు పెంచుకోవడం ఆధ్యాత్మికంగా దోషమా?

సాక్ష్యానికి అందరూ పిలిచేది నారదుణ్ణి. ఛాందోగ్యోపనిషత్తు ఏడో అధ్యాయంలో ఆయన సనత్కుమారుడి దగ్గరికి వెళ్లి “నాకు బోధించండి” అంటాడు. “నీకేం తెలుసో ముందు చెప్పు, ఆ పైది నేను చెబుతాను” అంటాడు గురువు. నారదుడు చిట్టా విప్పుతాడు. నాలుగు వేదాలు, ఇతిహాస పురాణాలు, వ్యాకరణం, పితృకర్మల శాస్త్రం, లెక్కలు, ఉత్పాతాల శాస్త్రం, నిధుల శాస్త్రం, తర్కం, నీతి, భూతవిద్య, యుద్ధవిద్య, నక్షత్రవిద్య, సర్పవిద్య... ఆపకుండా చదువుకుపోయి చివర్న అసలు విషయం బయటపెడతాడు: ఇన్ని తెలిసినా తనకు మంత్రాలే తెలుసు, ఆత్మ తెలియదు, అందుకే దుఃఖంలో ఉన్నాడు.

ప్రవచనకారులు కథని ఇక్కడ ఆపేస్తారు. ఆపితే చదువులు దండగని తేలుతుంది. కానీ ఉపనిషత్తు ఆగలేదు. సనత్కుమారుడు “ఇవన్నీ వట్టి పేర్లే” అన్న మాట వాస్తవం. ఆ వెంటనే “ఆ పేరునే బ్రహ్మమని ఉపాసించు” అనీ అన్నాడు. పారేయమనలేదు. “పేరు కంటే గొప్పది ఏమైనా ఉందా?” అని నారదుడు అడిగాడు. ఉంది, వాక్కు. దానికంటే? మనసు. అలా ఒక్కో మెట్టూ ఎక్కుతూ సంకల్పం, చిత్తం, ధ్యానం, విజ్ఞానం, బలం దాటారు. తర్వాతి మెట్లు చూడండి: అన్నం, నీళ్లు, తేజస్సు, ఆకాశం. ధ్యానం దాటాక మళ్లీ అన్నమూ నీళ్లూ వచ్చాయి! బయటి ప్రపంచాన్ని వదిలేసి లోపలికి పొమ్మనే గురువు అయితే వరస ఇలా ఉండదు. ప్రకృతి ఆ నిచ్చెనలో ఒక భాగం, అదీ పై భాగం.

నారదుడి లోపం ఎక్కువ తెలియడం కాదు. తెలిసినదంతా పేరు దగ్గరే నిలిచిపోవడం.

ఇదే నారదుడు భాగవతంలో తిరగేసిన పాత్రలో కనిపిస్తాడు. వేదాల్ని పంచి, భారతం రాసి, ఇంకా వెలితి తీరక సరస్వతీ తీరంలో దిగులుగా కూర్చున్న వ్యాసుడి దగ్గరికి ఈసారి గురువుగా వస్తాడు. ప్రథమ స్కంధంలోని ఈ ఘట్టాన్ని పోతన తెలుగు చేశాడు. లోకంలో ఉన్నదంతా తన గ్రంథంలో ఉందనిపించుకున్న మనిషికి దిగులేమిటి? నారదుడి సలహా ఏమిటంటే, ఇంకొకటి రాయమని. సేకరించినదాన్ని వదిలిపెట్టమని కాదు, దాన్ని ప్రేమతో మళ్లీ చెప్పమని. అలా పుట్టిన భాగవతం చేపల్నీ, తేనెటీగల్నీ, సాలెపురుగుల్నీ దూరం పెట్టలేదు. పదకొండో స్కంధంలో అవధూత తన ఇరవైనలుగురు గురువుల్ని యదు మహారాజుకి పరిచయం చేస్తాడు. నేల, గాలి, సముద్రం, పావురం, కొండచిలువ, మిడత, తుమ్మెద, ఏనుగు, లేడి, పింగళ అనే వేశ్య, బాణాలు చెక్కే పనివాడు, సాలెపురుగు ఆ వరసలో ఉన్నారు. పువ్వు పువ్వుకీ తిరిగి సారం తీసుకోమని తుమ్మెద నేర్పింది. రాజు ఊరేగింపు పక్కనుంచి పోయినా తలెత్తని ఏకాగ్రతని బాణాల పనివాడు నేర్పాడు. ఒకే విద్యార్థికి ఇద్దరూ గురువులే. ఏకాగ్రత కోసం తుమ్మెదని వెళ్లగొట్టాలని ఆ అవధూతకి తోచలేదు.

ఇప్పుడు అంబేడ్కర్ చిట్టా. 1913లో ఆయన న్యూయార్క్ కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరింది అర్థశాస్త్రం కోసం. మూడేళ్లలో తీసుకున్న కోర్సులు: అర్థశాస్త్రంలో 29, చరిత్రలో 11, సామాజికశాస్త్రంలో 6, తత్త్వశాస్త్రంలో 5, మానవశాస్త్రంలో 4, రాజనీతిలో 3, ప్రాథమిక ఫ్రెంచి ఒకటి, జర్మన్ ఒకటి. కుల వ్యవస్థ పుట్టుక మీద ఆయన మొదటి పెద్ద వ్యాసం 1916 మేలో చదివింది మానవశాస్త్రం సెమినార్‌లో. ప్రధాన సబ్జెక్టు దాటి పక్కకి చూడకపోయి ఉంటే ఆ వ్యాసం లేదు. బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్పు గడువు నెత్తిమీద ఉన్న విద్యార్థి ఇన్ని తలుపులు తట్టడం చూస్తే, ఏ తలుపూ తనకోసం తెరుచుకోని ఊళ్లోంచి వచ్చినవాడికి కుతూహలం అంటే విలాసం కాదని తెలుస్తుంది.

తెలుగువాళ్లలో ఇంకో పీజీ విద్యార్థి ఉన్నాడు. మనం ఆయన్ని చీరాల-పేరాల నాయకుడిగానే గుర్తు పెట్టుకున్నాం.

దుగ్గిరాల గోపాలకృష్ణయ్య 1889లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టాడు. ఎం.ఏ. కోసం స్కాట్లాండ్‌లోని ఎడింబరో విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. చదివింది అర్థశాస్త్రం. చేసిన పని మాత్రం నందికేశ్వరుడి నాట్య గ్రంథం అభినయ దర్పణాన్ని ఇంగ్లీషులోకి తేవడం. 1917లో హార్వర్డ్ ప్రచురించిన ఆ పుస్తకం అట్ట మీద రెండు పేర్లున్నాయి, ఒకటి ఆనంద కుమారస్వామిది, రెండోది గోపాలకృష్ణయ్యది. వాళ్లు ఆధారం చేసుకున్నది తెలుగు లిపిలో అచ్చయిన ప్రతి. ఒక అర్థశాస్త్ర విద్యార్థి చలిదేశంలో కూర్చుని మయూర హస్తానికీ, సర్పశీర్షానికీ, మృగశీర్షానికీ ఇంగ్లీషు మాటలు వెతకడం ఊహించుకుంటే సరదాగా ఉంటుంది. పైగా ఆ ముద్రల పేర్లన్నీ ఏమిటి? నెమలి, పాము, లేడి, హంస, తుమ్మెద, కోడి, సింహం, చేప, తాబేలు. రెండు చేతుల్లో అడవంతా ఇమిడింది. ప్రకృతి ఒక సబ్జెక్టు, కళ మరో సబ్జెక్టు అనే విభజన ఆ శాస్త్రం రాసినవాడికి తెలియదు.

ఇక జంటలో ఆ ఇంకో మనిషి. కొలంబోలో పుట్టిన కుమారస్వామి వృత్తిరీత్యా భూగర్భ శాస్త్రవేత్త. సింహళంలో ఖనిజాల సర్వేకి మొదటి డైరెక్టర్. రాళ్లు వెతుక్కుంటూ పల్లెలు తిరిగినవాడు అక్కడి కమ్మరుల్ని, నేతగాళ్లని, చిత్రకారుల్ని చూశాడు. చివరికి 1917 నుంచి బోస్టన్ మ్యూజియంలో భారతీయ కళా విభాగం బాధ్యత తీసుకుని, 1947లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. మ్యూజియంలో జీతం తీసుకుంటూనే, కళావస్తువుల్ని అసలు ప్రదర్శనకి ఎందుకు పెట్టాలని పుస్తకమే రాశాడు. ఇవన్నీ మనుషులు వాడుకోవడానికీ కొలుచుకోవడానికీ చేసినవి, గాజు పెట్టెలో పెట్టి “ఎంత అందం!” అనడానికి కాదు అని ఆయన వాదం. ఆ వస్తువు ఏ అవసరం కోసం, ఏ నమ్మకం మీద తయారైందో చెప్పలేకపోతే మ్యూజియం తన పని చేయనట్టే. సనత్కుమారుడు “వట్టి పేర్లు” అన్నదాన్ని కుమారస్వామి మ్యూజియం చీటీలకి అన్వయించాడని చెప్పొచ్చు.

గోపాలకృష్ణయ్య సంగతి ఇంకా విచిత్రం. ఎడింబరో నుంచి తిరిగొచ్చి కొంతకాలం ఉపాధ్యాయుడిగా పనిచేసి, గాంధీ ఉద్యమంలో దూకాడు. చీరాల, పేరాల గ్రామాల్ని మున్సిపాలిటీ చేసి పన్నులు పెంచితే, 1921లో వేల మందిని ఊళ్లు ఖాళీ చేయించి, పొలిమేర బయట పాకల్లో రామనగర్ కట్టించాడు. జనం అక్కడ నెలల తరబడి ఉన్నారు. ఆయన వాలంటీర్ల దండు పేరు రామదండు. పాటలు, చాటువులు, వేషం, భజన అన్నీ రాజకీయంలో కలిసిపోయాయి. అభినయ దర్పణం అనువదించిన చేతులకి జనాన్ని ఎలా కదిలించాలో తెలియడంలో వింత లేదు. ఈ రెంటికీ సంబంధం ఉందని నిరూపించే కాగితమేదీ అక్కర్లేదు. మనిషి ఒక్కడే. 1928లో, నలభై ఏళ్లు నిండకుండానే పోయాడు.

ఎగ్మూరుకి వద్దాం. వ్యాసర్పాడి నుంచి నాలుగైదు మైళ్ల లోపే. పాంథియన్ రోడ్డు మీది ప్రభుత్వ మ్యూజియం 1851లో మొదలైంది. తొలి అధికారి ఎడ్వర్డ్ బల్ఫోర్ డాక్టరు. ఆయన కాలంలో ఈ ఆవరణలో బతికున్న జంతువులూ ఉండేవి, జనం ముందు వాటికోసమే వచ్చేవారు. అవి తర్వాత పీపుల్స్ పార్కుకి మారాయి. ఇప్పుడు ఒక భవనంలో మంగళూరు తీరానికి కొట్టుకొచ్చిన తిమింగలం అస్థిపంజరం, ఇంకో భవనంలో తిరువాలంగాడు నటరాజు, మరోచోట అమరావతి శిల్పాలు, నాణేలు, రాతియుగపు గొడ్డళ్లు. పక్కనే 1896లో తెరిచిన కన్నెమెరా లైబ్రరీ. ఒకే ప్రహరీలో ఇన్ని పెట్టడం వలస ప్రభుత్వపు సేకరణ పిచ్చి అని కొట్టెయ్యొచ్చు. కొంత అలాంటిదే కూడా. పందొమ్మిదో శతాబ్దం చివర ఈ మ్యూజియానికి సూపరింటెండెంట్‌గా ఉన్న ఎడ్గర్ థర్‌స్టన్ మనుషుల తలలూ ముక్కులూ కొలిచి కులాల పట్టికలు తయారుచేశాడు. పేరు పెట్టడం ఎంత క్రూరంగా మారగలదో చూడాలంటే ఆ కొలతలు చాలు.

అయితే ఆయన తర్వాతి తరంలో ఎఫ్.హెచ్. గ్రేవ్లీ ఉన్నాడు. 1920 నుంచి 1940 దాకా సూపరింటెండెంట్. ఆయన అసలు చదువు జంతుశాస్త్రం, ప్రత్యేకించి సాలెపురుగులు. అదే మనిషి టి.ఎన్. రామచంద్రన్‌తో కలిసి మ్యూజియంలోని హిందూ లోహ విగ్రహాల కేటలాగు 1932లో తెచ్చాడు. సాలీడు కాళ్ల మీది నూగుని లెక్కపెట్టే కన్ను విష్ణువు శంఖం మీద జ్వాలలు ఎన్నో, యజ్ఞోపవీతం ఎటు జారిందో చూడగలిగింది. విగ్రహాల కాలం తేల్చడానికి ఆ వివరాలే ఆధారాలు. భక్తుడు కానివాడు, దేవుడి చేతుల్ని చాలామంది భక్తుల కంటే శ్రద్ధగా చూశాడు. ఆ చూపు పూజ కాదు. వట్టి పేరు పెట్టడమూ కాదు.

అమరావతి గదిలో ఈ ప్రశ్న తెలుగువాళ్లకి మరీ దగ్గరవుతుంది. పద్దెనిమిదో శతాబ్దం చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త ఊరు కట్టిస్తుంటే దీపాలదిన్నె అనే బౌద్ధ స్తూపపు దిబ్బని తవ్వి ఇటుకలూ రాళ్లూ తీసుకుపోయారు. 1797లో కాలిన్ మెకంజీ అది చూశాడు, 1816లో మళ్లీ వచ్చి బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసుకి చేరి ఏళ్ల తరబడి ఎండకీ వానకీ పడి ఉన్నాయి. 1859లో 121 రాళ్లు లండన్‌కి ఓడెక్కాయి. మిగిలినవీ, తర్వాతి తవ్వకాల్లో దొరికినవీ చాలావరకు ఇక్కడున్నాయి. వీటి మీద 1942లో సి. శివరామమూర్తి రాసిన గ్రంథం ఇప్పటికీ దారి చూపుతుంది. సంస్కృత కావ్యాలు క్షుణ్ణంగా చదివి, బొమ్మలు తానే గీయగలిగిన మనిషి కాబట్టి శిల్పంలోని జడనీ, వీణనీ, పల్లకీనీ కావ్యంలోని వర్ణనతో జోడించగలిగాడు.

ఆ రాళ్లలో తొలి కాలపువి చూస్తే బుద్ధుడు కనిపించడు. ఖాళీ సింహాసనం ఉంటుంది. రెండు పాదాల గుర్తులు, చక్రం, చెట్టు. చుట్టూ జనం వంగి నమస్కరిస్తుంటారు. ఏనుగులు, నాగులు, పూలతీగలు, మొసలి నోళ్లు మాత్రం రాయంతా కిక్కిరిసి ఉంటాయి. లోకంలోని ప్రతిదీ చెక్కి, ఒక్కణ్ణి చెక్కకుండా వదిలేశారు. ఎందుకన్నది పండితులు నూరేళ్లుగా వాదిస్తున్నారు. చూసేవాడికి అందేది మాత్రం స్పష్టం: ఆ ఖాళీ విలువ తెలియాలంటే చుట్టూ ఉన్న సందడి అంతా చూడాలి. వట్టి ఖాళీ పలక పెట్టి ఉంటే ఎవరూ దండం పెట్టరు.

మ్యూజియం వస్తువు మళ్లీ పూజలోకి వెళ్లిన ఉదంతమూ మన దగ్గరే ఉంది. 1892లో గుంటూరు ప్రాంతపు భట్టిప్రోలు స్తూపాన్ని తవ్విన అలెగ్జాండర్ రీకి ధాతు కరండాలు, అంటే అస్థికలుంచిన పేటికలు, దొరికాయి. వాటి మీది బ్రాహ్మీ రాత తెలుగు లిపి చరిత్రలో తొలి పేజీల్లో ఒకటి. అవి మద్రాసు మ్యూజియానికి వచ్చాయి. అందులోని ధాతువుని ప్రభుత్వం మహాబోధి సొసైటీకి ఇస్తే, 1920లో కలకత్తాలో కొత్తగా కట్టిన ధర్మరాజిక విహారంలో ప్రతిష్ఠించారు. పాతికేళ్లకి పైగా నమూనాగా బీరువాలో ఉన్నది ఊరేగింపుగా వెళ్లి మళ్లీ ఆరాధ్యమైంది. వస్తువు మారలేదు. అది మధ్యలో పవిత్రత పోగొట్టుకుని తిరిగి తెచ్చుకుందా? బౌద్ధుల్లోనే దీనికి ఒక్క జవాబు లేదు. బూడిదలో ఏమీ ఉండదు, స్మృతిలోనే ఉందనే వారూ ఉన్నారు, ధాతువు ఉన్న చోట బుద్ధుడు ఉన్నట్టేననే వారూ ఉన్నారు.

విస్తృతమైన ఆసక్తికి బౌద్ధం నుంచే గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయకూడదు. కౌశాంబి దగ్గర శింశుపా వనంలో బుద్ధుడు గుప్పెడు ఆకులు తీసుకుని భిక్షువుల్ని అడిగాడు, ఇవి ఎక్కువా, చెట్ల మీదివి ఎక్కువా అని. తనకు తెలిసింది అడవంత, చెప్పింది గుప్పెడంత, ఎందుకంటే మిగతాది దుఃఖం తీరడానికి పనికిరాదు అని ఆయన వివరణ. ఏకాగ్రత పక్షానికి ఇంతకంటే బలమైన వాదన లేదు.

కానీ ఆయనకి అడవంత తెలుసు కదా! తెలియకుండా గుప్పెడు ఎంచుకోవడం వేరు, తెలిసి ఎంచుకోవడం వేరు. గుప్పెడు ఆకులు అందుకున్న శిష్యుడు అడవి లేదనుకుంటే ఆ ఉపమానం చెడింది.

అడవీ గుప్పెడూ రెండూ తెలిసిన మనిషి పెరంబూరు బౌద్ధులతో కలిసి నడిచాడు. పోకల లక్ష్మీ నరసు. మద్రాసు కాలేజీల్లో విజ్ఞానశాస్త్రం పాఠాలు చెప్పిన ఆచార్యుడు. దళిత మేధావి అయోతీ దాస్ 1898లో శాక్య బౌద్ధ సంఘం పెట్టాక, ఉత్తర మద్రాసు కార్మిక పేటల్లో బౌద్ధం మళ్లీ వినిపించడం మొదలైంది. ఆ వాతావరణంలో నరసు 1907లో ‘ది ఎసెన్స్ ఆఫ్ బుద్ధిజం’ తెచ్చాడు. ప్రయోగశాలలో నిలబడే మనిషి హేతువుకి నిలబడని మాటని ధర్మంలో ఒప్పుకోలేదు. ఆ పుస్తకాన్ని 1948లో తన ముందుమాటతో మళ్లీ అచ్చు వేయించింది అంబేడ్కర్. ఎనిమిదేళ్ల తర్వాత నాగపూరులో ఆయన బౌద్ధం స్వీకరించాడు. వ్యాసర్పాడి పొరుగున మొదలైన చదువు ఒకటి అక్కడిదాకా వెళ్లింది.

మళ్లీ వ్యాసుడి దగ్గరికి. ఇక్కడే పేచీ ఉంది.

ఛాందోగ్యంలోనే, నాలుగో అధ్యాయంలో సత్యకాముడు ఉన్నాడు. గోత్రం ఏమిటని అడిగితే, నాలుగిళ్లలో పనిచేసుకుంటూ నిన్ను కన్నాను, గోత్రం నాకు తెలియదు, జబాల కొడుకునని చెప్పు అంది తల్లి. కుర్రాడు గౌతముడి దగ్గర అదే చెప్పాడు. గురువు అతని నిజాయితీకి మెచ్చి, నాలుగు వందల బక్క ఆవుల్ని అప్పగించి తోలుకుపొమ్మన్నాడు. వెయ్యి అయ్యాక సత్యకాముడు తిరిగొస్తుంటే దారిలో ఎద్దు, నిప్పు, హంస, మద్గువనే నీటిపక్షి తలా ఒక పాదం చొప్పున అతనికి బ్రహ్మాన్ని బోధించాయి. గోత్రం అడగని గురువులు! ప్రకృతి చదువు గురించి ఇంతకంటే సొగసైన కథ ఉపనిషత్తుల్లో లేదు.

ఆ కథకి తర్వాత పట్టిన గతి చూడండి. బ్రహ్మసూత్రాలు రాసిన బాదరాయణుడే వ్యాసుడని సంప్రదాయం. మొదటి అధ్యాయం మూడో పాదంలో ఎనిమిదో సూత్రం నారదుడి కథకి చెందింది. అదే పాదంలో 34 నుంచి 38 దాకా ఉన్న సూత్రాల మీద శూద్రుడికి బ్రహ్మవిద్యలో అధికారం లేదని భాష్యాలు చెప్పాయి. అందుకు చూపిన రుజువుల్లో సత్యకాముడూ ఒకడు: శూద్రుడు కాదని తేల్చుకున్నాకే గౌతముడు ఉపనయనం చేశాడట. నిజం చెప్పినందుకు తెరుచుకున్న తలుపు ఆ విధంగా తాళంగా మారింది. శంకరులు ఇతిహాస పురాణాలు నాలుగు వర్ణాలూ వినవచ్చని ఒక కిటికీ తెరిచి ఉంచారు. వ్యాసర్పాడిలో ఎక్కువమంది పూర్వీకులు ఆ నాలుగు లెక్కలోనూ లేరు. ఇక వ్యాసుడి సంగతంటారా, ఆయన తల్లి చేపలు పట్టే వాళ్ల ఇంటి పిల్ల. భాష్యాల్లో ఈ విషయం మీద తగినంత చర్చ జరగలేదనే చెప్పాలి.

అందుకే “ఒక్కదాని మీదే మనసు పెట్టు” అనే సలహా అందరికీ ఒకేలా వినిపించదు. అన్ని గదులూ తిరిగి చూసి ఒకటి ఎంచుకున్నవాడికి అది సాధన. తరతరాలుగా ఏ గదిలోకీ రానివ్వని ఇంటినుంచి వచ్చిన పిల్లకి అది పాత కాపలావాడి గొంతులా వినిపిస్తే తప్పు ఆమెది కాదు. మ్యూజియం గేటు దగ్గర టికెట్టు అడుగుతారు, గోత్రం అడగరు. వలస ప్రభుత్వం కట్టిన సంస్థలన్నిటి మీదా ఎన్ని విమర్శలున్నా, ఈ ఒక్క మార్పు చిన్నది కాదు. కంచు నటరాజు ముందు ఎంతసేపైనా నిలబడొచ్చు, గర్భగుడి గడప ఎదురుగా లేదు.

నారదుడి కథలో ఒక చిన్న మలుపు ఉంది, శంకరుల కాలం నుంచి పండితులు దాని మీద తలలు బద్దలు కొట్టుకున్నారు. ప్రతి మెట్టు దగ్గరా “ఇంతకంటే గొప్పది ఉందా?” అని అడుగుతూ వచ్చిన నారదుడు, ప్రాణం అనే మెట్టు దగ్గర అడగడం మానేశాడు. చాలనుకున్నాడో, అలిసిపోయాడో. సనత్కుమారుడు అడక్కుండానే ముందుకు సాగి సత్యం, మననం, శ్రద్ధ, నిష్ఠ, సుఖం మీదుగా భూమ దాకా తీసుకెళ్లాడు. అల్పంలో సుఖం లేదు, అపారమైనదే సుఖం అన్నాడు. ప్రశ్న ఆగింది కాబట్టి ప్రాణమే భూమ అని ఒక పక్షం, కాదు ఆగినవాణ్ణి గురువు ముందుకు లాగాడు అని బ్రహ్మసూత్రం. ఈ రెండో పక్షమే సరైనదైతే, ఆ బోధలో ప్రమాదం చిట్టా పొడుగ్గా ఉన్నప్పుడు రాలేదు. అడగడం ఆగినప్పుడు వచ్చింది.

ఆ అధ్యాయం చివర ఒక మాట ఉంది: ఆహారం శుద్ధమైతే మనసు శుద్ధమవుతుంది, అప్పుడు స్మృతి నిలుస్తుంది, ముడులు విడిపోతాయి. ఆహారం అంటే ఏమిటి? కళ్లూ చెవులూ లోపలికి తెచ్చే ప్రతిదీ ఆహారమేనని శంకరులు రాశారు. రామానుజులు అన్నమనే తీసుకున్నారు. దాని జాతి, అది ఎవరి దగ్గరనుంచి వచ్చింది, అందులో ఏం పడింది అని మూడు దోషాలు చూడమన్నారు. ఆ రెండో దోషం చరిత్రలో ఎంతమంది పంక్తులు విడదీసిందో వ్యాసర్పాడికి వేరే చెప్పనక్కర్లేదు. శంకరుల అర్థం తీసుకుంటే పులికాట్ రాజహంసా, అమరావతి రాతిమీది ఖాళీ సింహాసనమూ, తిమింగలం వెన్నెముకా ఆ అమ్మాయికి ఆ పూట భోజనమే అవుతాయి, వడ్డించింది ఎవరని అడిగే పని లేకుండా. శూద్రాధికారం దగ్గర తలుపు వేసిన భాష్యకారుడే ఈ అర్థమూ రాశాడు. ఒక పుటని ఒప్పుకుంటూ ఇంకో పుటతో తగువు పెట్టుకోవడానికి ఆమెకి పూర్తి హక్కుంది. ఆ రెండు పుటలూ కన్నెమెరాలో అడిగితే తీసిస్తారు. ఎగ్మూరు మ్యూజియానికి మాత్రం శుక్రవారం సెలవు.